ఇద్దరు పిల్లలు, ఎన్‌ఆర్‌పీఎఫ్ (పబ్లిక్ ఫండ్స్ తీసుకోకూడదన్న షరతు ఉన్న) వీసా, శుక్రవారానికి ఇల్లు ఖాళీ చేయాలి. కౌన్సిల్‌ని అడగొచ్చా?

పల్నాటి_పిల్ల | మంగళవారం రాత్రి 11:42

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. ఫోన్లో టైప్ చేస్తున్నా, పిల్లలు పక్కనే పడుకున్నారు. తప్పులుంటే ఏమీ అనుకోవద్దు.

మావారు 2023లో హెల్త్ అండ్ కేర్ వీసా మీద కేర్ వర్కర్‌గా ఇంగ్లండ్ వచ్చారు. నేను, పాప (7), బాబు (3) డిపెండెంట్లం. ఏజెంటుకి కట్టడానికి మా నాన్న ఎకరంన్నర తాకట్టు పెట్టారు. మొదట్లో వారానికి 30 గంటలైనా పని ఉండేది. తర్వాత 12 అయింది, తర్వాత అదీ లేదు. పోయిన నెల కంపెనీ స్పాన్సర్ లైసెన్స్ (బయటి దేశాలవాళ్ళని పనికి పెట్టుకునే అనుమతి) రద్దయింది. హోమ్ ఆఫీస్ (వీసాలు చూసే ప్రభుత్వ శాఖ) నుంచి, 60 రోజుల్లో వేరే స్పాన్సర్ దొరక్కపోతే వెళ్ళిపోవాలని ఉత్తరం వచ్చింది, అందులో 19 రోజులు అయిపోయాయి. ఉంటున్న ఇల్లు కూడా కంపెనీదే. శుక్రవారం సాయంత్రానికి తాళాలు ఇచ్చేయమన్నారు. నేను గోడౌన్లో ప్యాకింగ్‌కి వెళ్తాను, షిఫ్టు ఇస్తే ఉన్నట్టు, లేకపోతే లేదు. ఇవాళ అకౌంట్లో 86 పౌండ్లున్నాయి.

నిన్న కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వ) ఆఫీసుకి వెళ్ళాం. హౌసింగ్ కౌంటర్ దగ్గర గంటన్నర కూర్చోబెట్టారు. ఆ అమ్మాయి మావారి ఈవీసా తెరిచి, పబ్లిక్ ఫండ్స్ తీసుకోకూడదు అని ఉన్న లైను మీద వేలు పెట్టి చూపించింది. ఇంకేం మాట్లాడలేదు, తర్వాతి నంబరు పిలిచింది. బయటికొచ్చాక పాప "అమ్మా, ఆంటీ మనల్ని తిట్టిందా" అని అడిగింది.

కౌన్సిల్‌ని మళ్ళీ అడగొచ్చా? అడిగితే వీసాకి దెబ్బ పడుతుందా? మా పక్కింటావిడ "ఇల్లు లేదని చెప్పారంటే పిల్లల్ని తీసుకెళ్ళిపోతారు" అంటోంది. అది విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

మోడరేటర్ | మంగళవారం రాత్రి 11:58

అమ్మా, స్వాగతం. కంపెనీ పేరు, ఏజెంటు పేరు, కౌన్సిల్ పేరు, వీసా నంబర్లు దయచేసి ఎవరూ రాయకండి. ఇంకో మాట. వీసా విషయంలో ఎవరి కేసు మీదైనా సలహా చెప్పాలంటే ఇక్కడ లైసెన్స్ ఉండాలి (ఆ లైసెన్స్ ఇచ్చే సంస్థ పాత పేరు ఓఐఎస్‌సీ, 2025 జనవరి నుంచి ఇమ్మిగ్రేషన్ అడ్వైస్ అథారిటీ). లేకుండా చెప్పడం నేరం. కౌన్సిల్ సాయం గురించి తెలిసినవాళ్ళు ధైర్యంగా రాయండి.

కరీంనగర్_అన్న | బుధవారం ఉదయం 5:20

చెల్లే, నైట్ షిఫ్ట్ నుంచి ఇప్పుడే వచ్చి చూసిన. మీరు పోయిన కౌంటరే తప్పు. హౌసింగోళ్ళు వేరే, పిల్లల డిపార్ట్‌మెంటోళ్ళు వేరే. హౌసింగోళ్ళకు మన వీసా చూస్తే చేతులు కట్టేసినట్టే, వాళ్ళ చట్టంల మనకు జాగ లేదు. మీరు చిల్డ్రన్స్ సర్వీసెస్‌కు ఫోన్ చెయ్యాలె. "సెక్షన్ 17 కింద అసెస్‌మెంట్ కావాలె" అని గదే మాట అనాలె. మా దోస్తుకు నిరుడు గిట్లనే అయింది, ముగ్గురు పిల్లలు. రెండు దినాలు తిప్పిండ్రు గని చివరికి రూం ఇచ్చిండ్రు.

పిల్లల్ని గుంజుకపోవుడు అంత ఈజీ కాదు చెల్లే. తెలిసినోళ్ళు వివరంగ చెప్తరు.

లాసెంటర్_వాలంటీర్ | బుధవారం ఉదయం 7:45

కరీంనగర్ అన్న చెప్పింది సరైనది. కొంచెం వివరంగా రాస్తాను, ఫోన్ చేసేటప్పుడు ఈ పోస్టు పక్కన పెట్టుకోండి.

పబ్లిక్ ఫండ్స్ అనేది ఒక జాబితా. 1999 ఇమ్మిగ్రేషన్ చట్టంలోనూ ఇమ్మిగ్రేషన్ రూల్స్‌లోనూ ఏవేవి అందులోకి వస్తాయో పేర్లతో సహా ఉంటుంది. యూనివర్సల్ క్రెడిట్, చైల్డ్ బెనిఫిట్, హౌసింగ్ బెనిఫిట్, కౌన్సిల్ ఇళ్ళు, ఇల్లు లేనివాళ్ళకి హౌసింగ్ శాఖ చేసే సాయం, కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్, ఇలాంటివి. ఆ జాబితాలో లేనిది పబ్లిక్ ఫండ్ కాదు. 1989 చిల్డ్రన్ యాక్ట్‌లోని సెక్షన్ 17 ఆ జాబితాలో లేదు. బడి లేదు. ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్యం) లేదు. ఫుడ్ బ్యాంకు లేదు. కాబట్టి సెక్షన్ 17 కింద గది తీసుకున్నా డబ్బు తీసుకున్నా వీసా షరతు ఉల్లంఘించినట్టు కాదు.

సెక్షన్ 17 చెప్పేది ఇదీ: తమ పరిధిలో ఉన్న, అవసరంలో ఉన్న బిడ్డ క్షేమం చూడడం కౌన్సిల్ బాధ్యత. తల్లిదండ్రుల వీసా ఏదని అది అడగదు. ఇల్లు లేని బిడ్డ, తిండికి డబ్బు లేని ఇంట్లో బిడ్డ అవసరంలో ఉన్న బిడ్డే. అదే సెక్షన్‌లో ఇంకో మాట కూడా ఉంది, పిల్లలు తమ కుటుంబంలోనే పెరిగేలా చూడాలని. మీ పక్కింటావిడకి ఆ వాక్యం చెప్పండి. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల్ని వేరు చేయాలంటే కోర్టుకి వెళ్ళాలి, బిడ్డకి తీవ్రమైన హాని జరుగుతోందని లేదా జరిగేలా ఉందని చూపించాలి. పేదరికం ఒక్కటే దానికి చాలదు. "పిల్లలకైతే చోటు ఇస్తాం, మీకు ఇవ్వం" అని కొన్నిచోట్ల నిజంగానే అంటారు. నేనే విన్నాను. దానికి మీరు ఒప్పుకోనక్కర్లేదు. ఒప్పుకోవడం లేదని చెప్పి, ఆ మాట రాసి ఇమ్మని అడగండి. అదే రోజు సొలిసిటర్‌కి ఫోన్ చేయండి.

మీ విషయంలో తేదీ చాలా ముఖ్యం. 2002 చట్టంలోని షెడ్యూల్ 3 వీసా లేకుండా ఉండిపోయినవాళ్ళలాంటి కొందరికి ఈ సాయాన్ని కట్టడి చేస్తుంది. అప్పుడు కౌన్సిల్ మానవ హక్కుల అసెస్‌మెంట్ అని ఇంకోటి చేస్తుంది. ఇండియాకి టికెట్ కొనిస్తాం వెళ్ళిపోండి అనడానికి అక్కడ ఆస్కారం ఉంటుంది. మీ 60 రోజులు ఇంకా ఉన్నాయి, మీకు చెల్లే వీసా ఉంది, ఆ షెడ్యూల్ ఇవాళ మీకు అడ్డు రాదు. మిగిలిన 41 రోజుల్లో మీవారి కొత్త స్పాన్సర్ సంగతి, వీసా అప్లికేషన్ సంగతి లైసెన్స్ ఉన్న సలహాదారుతో తేల్చుకోండి. గడువు లోపల అప్లికేషన్ పెడితే నిర్ణయం వచ్చేదాకా పాత వీసా షరతులు కొనసాగుతాయి. గడువు దాటితే కథ వేరు.

ఇల్లు గురించి: మీరు ఒక్కళ్ళే ఉంటున్న ఇల్లయితే, కంపెనీదే అయినా సరే, చాలా సందర్భాల్లో కోర్టు ఆర్డరు లేకుండా వెళ్ళగొట్టకూడదు. తాళం మారిస్తే 1977 ప్రొటెక్షన్ ఫ్రమ్ ఎవిక్షన్ యాక్ట్ కింద నేరం. ఓనరు కూడా అదే ఇంట్లో ఉంటూ వంటగది, బాత్‌రూం కలిపి వాడుకుంటుంటే రూలు వేరు. షెల్టర్ (ఇంటి సమస్యల మీద సలహా ఇచ్చే చారిటీ) హెల్ప్‌లైన్‌కి ఇవాళే చేయండి. అది వీసాతో సంబంధం లేని సాయం.

అనంత_ఆకాశం | బుధవారం ఉదయం 9:10

నా మాట కటువుగా ఉంటే మన్నించమ్మా. నేను ఈ దేశంలో పన్నెండేళ్ళుగా ఉన్నా. సర్కారు దగ్గర చేయి చాచినోళ్ళ పేరు ఎక్కడో ఒకచోట రాసిపెట్టుకుంటారు, అది తర్వాత ఎప్పుడో బయటికొస్తుంది. 2025 నవంబర్‌లో ఐఎల్‌ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండనిచ్చే అనుమతి) మీద ప్రభుత్వం చర్చకు పెట్టిన కాగితం చదివినారా ఎవరైనా? పర్మనెంట్‌కి మామూలు గడువు ఐదేళ్ళ నుంచి పదేళ్ళు, కేర్ వర్కర్లకి పదిహేను, పబ్లిక్ ఫండ్స్ తీసుకున్నోళ్ళకి ఇంకా పైన ఏళ్ళు అని ప్రతిపాదించినారు. సెక్షన్ 17 ఇవాళ జాబితాలో లేదు, సరే. రేపు చేర్చరని ఎవరు రాసిస్తారు? తెలుగోళ్ళం మనలో మనం చందా వేసుకుంటే మేలు. నేను 100 పౌండ్లు ఇస్తా, ఈ రోజే.

లాసెంటర్_వాలంటీర్ | బుధవారం ఉదయం 9:32

అనంత గారూ, మీ భయంలో అర్థం ఉంది, మీ మనసు పెద్దది. కానీ చందాతో నాలుగు రాత్రులు గడుస్తాయి. ఆ తర్వాత? ఇది ఆరు వారాల సమస్య, ఇంకా ఎక్కువే కావచ్చు. మీరన్న కాగితంలో మాట్లాడింది పబ్లిక్ ఫండ్స్ గురించి. అది వేరు, ఇది వేరు. రేపు మారుతుందేమో అని ఇవాళ మూడేళ్ళ పిల్లాణ్ణి బస్టాండులో పడుకోబెట్టమని ఏ తల్లికీ చెప్పలేను.

అయితే ఒక విషయంలో మీరన్నది నిజం. కౌన్సిల్ హోమ్ ఆఫీసుతో మాట్లాడుతుంది. వీసా స్థితి చూసుకోవడానికి ఎన్‌ఆర్‌పీఎఫ్ కనెక్ట్ అని ఒక వ్యవస్థ ఉంది, చాలా కౌన్సిళ్ళు వాడతాయి. వీసా లేనివాళ్ళ గురించి హోమ్ ఆఫీసుకి చెప్పాల్సిన బాధ్యత కూడా కౌన్సిల్‌కి ఉంది. వీసా అయిపోయినవాళ్ళు వెళ్ళే ముందు సలహా తీసుకోవాలి. ఈ అమ్మాయి గురించి హోమ్ ఆఫీసుకి తెలియనిది ఏమీ లేదు, ఆ ఉత్తరం పంపిందే వాళ్ళు.

కరీంనగర్_అన్న | బుధవారం ఉదయం 9:50

గిదొక్కటి నాకు కడుపుల మండుతది. జీతంల నుంచి ట్యాక్స్ కట్, ఎన్‌ఐ (నేషనల్ ఇన్సూరెన్స్) కట్, కౌన్సిల్ ట్యాక్స్ కడుతున్నం. మా అసోంటోళ్ళం వీసాతోని ఎన్‌హెచ్‌ఎస్ సర్‌చార్జ్ అని పెద్దోళ్ళకు మనిషికి ఏడాదికి 1,035 పౌండ్లు ముందుగాలనే కట్టినం. కష్టమొస్తె మాత్రం లైను మీద ఏలు పెట్టి చూపిస్తరు. గీ అమ్మ ఇంటాయన ఏ తప్పు చేసిండు? కంపెనీ తప్పు చేసింది, శిక్ష పిల్లలకు పడ్డది. 2022 జులై నుంచి 2024 ఆఖరు దాక కేర్ కంపెనీలయి 470కి పైన లైసెన్సులు తీసేసినమని సర్కారే చెప్పింది. గన్ని కంపెనీల కింద ఎన్ని ఇండ్లున్నయో ఎవరన్న లెక్క తీసిండ్రా?

దుబాసి | బుధవారం మధ్యాహ్నం 1:15

అమ్మాయీ, నేను చాలా ఏళ్ళుగా కౌన్సిళ్ళకీ ఆసుపత్రులకీ తెలుగు ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేస్తున్నాను. నువ్వు అడుగుపెట్టబోయే గదుల్లో నేను చాలాసార్లు కూర్చున్నాను. నా ఉద్యోగం చెప్పింది చెప్పినట్టు మార్చడం వరకే, మధ్యలో సొంత మాట కలపకూడదు. అక్కడ మింగేసిన మాటలు ఇక్కడ చెప్తాను. ఎవరినీ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

సోషల్ వర్కర్ అడిగే ముఖ్యమైన ప్రశ్న ఒకటుంటుంది: "శుక్రవారం తర్వాత ఎక్కడుంటారు?" మనవాళ్ళు ఏమంటారో తెలుసా? "ఏదోలా సర్దుకుంటామండీ." ఎదుటివాళ్ళని ఇబ్బంది పెట్టకూడదని, పరువు పోకూడదని అనేస్తారు. నేను దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాలి. మేం మేనేజ్ చేసుకుంటాం అని ఆవిడకి వినిపిస్తుంది. కంప్యూటర్లో కొడుతుంది, కుటుంబానికి వేరే ఏర్పాటు ఉంది అని. ఫైలు అక్కడితో మూసేస్తారు. సర్దుకుంటాం అన్న మాట వెనక ఏడుపు ఉంటుందని తెలుగు తెలిసిన నాకు తెలుస్తుంది, ఆవిడకి తెలిసే దారి లేదు. అందుకని సూటిగా చెప్పు: "శుక్రవారం రాత్రి మాకు పడుకోవడానికి చోటు లేదు. డబ్బు 86 పౌండ్లుంది. అది ఆదివారానికి అయిపోతుంది." ఇంతే. ముందూ వెనకా ఏమీ కలపకు.

తర్వాత అన్నయ్యల సంగతి. ఒకావిడ "మా అన్నయ్య లెస్టర్‌లో ఉన్నాడు" అంది. నేను బ్రదర్ అన్నాను, ఇంకేమంటాను? సోషల్ వర్కర్ వెంటనే "మరి అన్నయ్య ఇంటికి వెళ్ళొచ్చుగా, మూడు బెడ్‌రూంలా?" అంది. ఆ అన్నయ్య ఆవిడ పెద్దమ్మ తోటికోడలి కొడుకు. ఆయన కూడా నలుగురితో ఒక గదిలో ఉంటున్నాడు. అది తేలేసరికి ఇరవై నిమిషాలు పట్టింది, ఈలోగా సోషల్ వర్కర్ ముఖంలో నమ్మకం పోయింది. మన వరసలు మనకి ముద్దు. అక్కడ మాత్రం సొంత అన్న అయితేనే అన్న అను. బాబాయి కొడుకైతే కజిన్ అను, వరస కలిపి పిలిచే స్నేహితుడైతే ఫ్రెండ్ అను.

బ్యాంకు స్టేట్‌మెంట్లు. కనీసం మూడు నెలలవి అడుగుతారు. లైను లైనుకీ అడుగుతారు, తప్పుగా అనుకోకు, వాళ్ళ పని అది. ఒకాయనకి ప్రతి నెలా 5వ తేదీన ఇండియాకి డబ్బు వెళ్ళింది. సోషల్ వర్కర్ పసుపు రంగు హైలైటర్‌తో ఆ లైన్లన్నీ గీసి కాగితం ఆయన వైపు తిప్పింది. "పిల్లలకి పాలకి లేవంటున్నారు, ఇదేమిటి?" ఆయన తలొంచుకుని "ఇంటికండీ" అన్నాడు. అంతకుమించి గొంతు రాలేదు. ఇంటికి అంటే హోమ్ అన్నాను. ఇండియాలో ఇల్లు కడుతున్నాడేమో అనుకుంది ఆవిడ. అది వాళ్ళమ్మ గాజులు తాకట్టు పెట్టిన అప్పు మీద వడ్డీ. రసీదు ఆయన ఫోన్లోనే ఉంది, చూపించాలని తట్టలేదు. మీ నాన్నగారి తాకట్టు కాగితం వాట్సాప్‌లో తెప్పించుకో. చిట్టీ కడుతుంటే చిట్టీ అని చెప్పు, ఎందుకు వేశావో చెప్పు. ఎవరైనా స్నేహితులు అప్పు ఇచ్చి ఉంటే "ఇంక ఇవ్వలేను" అని వాళ్ళ చేత రెండు లైన్లు రాయించు.

ఇంటర్‌ప్రెటర్ కావాలని అడుగు. నీకు ఇంగ్లీషు వచ్చినా సరే, ఏడుపొచ్చే వేళ ఇంగ్లీషు రాదు. పాప చేత చెప్పించకు. ఏడేళ్ళ పిల్ల నోటి నుంచి "మాకు ఇల్లు లేదు" అనే మాట రాకూడదు.

పల్నాటి_పిల్ల | బుధవారం మధ్యాహ్నం 2:40

అక్కా, ఇది చదువుతూ బాత్‌రూంలోకి వెళ్ళి ఏడ్చాను. "ఎలాగో చూసుకుంటాం" అనే అన్నాం మేం మొన్న కౌంటర్ దగ్గర. మావారే అన్నారు. నేనూ తలూపాను.

ఇప్పుడు ఎవరికి ఫోన్ చేయాలి? కౌన్సిల్ మెయిన్ నంబరుకేనా?

లాసెంటర్_వాలంటీర్ | బుధవారం మధ్యాహ్నం 2:51

కౌన్సిల్ వెబ్‌సైటులో చిల్డ్రన్స్ సర్వీసెస్ కింద ఫ్రంట్ డోర్ అనో మాష్ అనో నంబరు ఉంటుంది. సాయంత్రం ఐదు తర్వాత అయితే ఎమర్జెన్సీ డ్యూటీ టీమ్. ఫోన్ చేసి చెప్పి, అదే విషయం ఈమెయిల్లో కూడా పంపండి. మాట గాలికి పోతుంది, ఈమెయిల్ ఉంటుంది. రిఫరల్ (ఈ కుటుంబాన్ని చూడమని పంపే వినతి) అందాక ఏం చేయాలో ఒక పని దినంలో నిర్ణయించాలని వాళ్ళ మార్గదర్శకాల్లోనే ఉంది. పూర్తి అసెస్‌మెంట్‌కి 45 పని దినాల వరకు పట్టొచ్చు గానీ, అప్పటిదాకా పిల్లలు వీధిలో ఉండాలని కాదు. మధ్యంతర సాయం అడగండి, ఆ మాటే వాడండి.

ఇంకోటి, పాప బడికి వెళ్తోందిగా? బడిలో సేఫ్‌గార్డింగ్ లీడ్ అని ఒక టీచరు ఉంటారు. రేపు పొద్దున దింపేటప్పుడు ఆవిడతో మాట్లాడండి. ఆవిడ కూడా రిఫరల్ పెడితే బరువు పెరుగుతుంది.

కాదంటే ఎందుకు కాదంటున్నారో రాసి ఇమ్మనండి. ఆ కాగితం ఉంటే సొలిసిటర్ ప్రీ యాక్షన్ లెటర్ (కోర్టుకి వెళ్ళే ముందు ఇచ్చే నోటీసు) పంపగలరు. ఈ రకం కేసుకి లీగల్ ఎయిడ్ ఉంది, ఆదాయం లేనివాళ్ళకి దొరికే అవకాశం ఎక్కువ.

రెండుజడల_అమ్మ | బుధవారం రాత్రి 10:05

నేను ఈ సాయం మీద బతికిన మనిషిని. 2021లో. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు, మా అమ్మకి కూడా.

ఆయనకి ఐఎల్‌ఆర్, నాది స్పౌజ్ వీసా. చేయి చేసుకునేవాడు. ఒక రాత్రి పాపని తీసుకుని బయటికొచ్చేశాను. కౌన్సిల్‌లో మొదటిరోజు మీకు చెప్పిన మాటే నాకూ చెప్పారు. పాప బడిలో టీచరమ్మ గట్టిగా పట్టుకుంది కాబట్టి మూడోరోజు ఒక హోటల్ గది ఇచ్చారు. పదకొండు వారాలు ఆ గదిలోనే. మంచం, కుర్చీ, కిటికీ. వంట చేయకూడదు. నేను చిన్న రైస్ కుక్కర్ మంచం కింద దాచి, కిటికీ దగ్గర పెట్టి అన్నం వండేదాన్ని. ఆవిరి పైకి పోకుండా పాప పుస్తకం పెట్టి విసిరేది. పెరుగన్నం, ఊరగాయ. ఆదివారాలు గురుద్వారాకి వెళ్ళేవాళ్ళం, లంగర్‌లో ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు. పాప అక్కడ వేడి రొట్టె మీద నెయ్యి చూసి నవ్వింది చూడు, ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తు.

వారానికి ఒక కార్డులో డబ్బు వేసేవాళ్ళు. చాలీచాలనిదే. ఇంత ఇవ్వాలని చట్టంలో లెక్క లేదు, అందుకే కౌన్సిల్‌కీ కౌన్సిల్‌కీ తేడా. చైల్డ్ బెనిఫిట్ రేటు చూసుకుని లెక్క కట్టిన న్యూహామ్ కౌన్సిల్ పద్ధతి చెల్లదని 2014లో హైకోర్టు చెప్పింది, బిడ్డ అసలు అవసరం చూడాలని. మా సలహాదారు ఆ తీర్పు చూపించి అడిగాక నాకు బస్సు పాసు డబ్బు కలిపారు.

ఇది చదివే వేరే అక్కచెల్లెళ్ళ కోసం రాస్తున్నా. ఇంట్లో హింస ఉంటే ఇంకో దారి ఉంది. మైగ్రెంట్ విక్టిమ్స్ ఆఫ్ డొమెస్టిక్ అబ్యూస్ కన్సెషన్ అని, మూడు నెలలు పబ్లిక్ ఫండ్స్ తెరిచి ఇస్తారు. నాకప్పుడు డీడీవీ అనేవారు, 2024 ఫిబ్రవరిలో పేరు మార్చారు. నాలాంటి స్పౌజ్ వీసా వాళ్ళకి దాని తర్వాత ఐఎల్‌ఆర్ దారి కూడా ఉంది. వర్క్ వీసా, స్టూడెంట్ వీసా డిపెండెంట్లకి ఇప్పుడు కన్సెషన్ తెరిచారు గానీ ఆ తర్వాత ఐఎల్‌ఆర్ దారి ఉండదు, ఉన్న వీసా పోయి మూడు నెలలదే మిగులుతుంది. సలహా లేకుండా ఫారం నింపొద్దు. సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ 1979 నుంచి మనలాంటి ఆడవాళ్ళ కోసమే పనిచేస్తున్నారు, వాళ్ళతో మాట్లాడండి.

పల్నాటి చెల్లీ, మీ ఆయన మీతో ఉన్నారు. అది పెద్ద ఆస్తి. భయపడకుండా వెళ్ళండి.

అనంత_ఆకాశం | బుధవారం రాత్రి 10:40

అమ్మా, మీ పోస్టు రెండుసార్లు చదివినా. పొద్దున చేయి చాచడం అన్న మాట వాడినా. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఐఎల్‌ఆర్ గురించి నా భయం అట్లే ఉంది, అది పోలేదు. పల్నాటి అమ్మాయి, మీ సామాన్లు పెట్టుకోడానికి మా గ్యారేజీ ఖాళీ. కారు పంపిస్తా. ప్రైవేట్ మెసేజ్ చూడు.

గ్లాస్గో_గోదారి | గురువారం ఉదయం 8:02

ఒక చిన్న చేర్పు. పైన చెప్పిందంతా ఇంగ్లండ్‌కి. మా స్కాట్లాండ్‌లో ఇదే సాయం 1995 చిల్డ్రన్ స్కాట్లాండ్ యాక్ట్ సెక్షన్ 22 కింద అడగాలి. వేల్స్‌లో 2014 చట్టం, నార్తర్న్ ఐర్లండ్‌లో 1995 ఆర్డరులో ఆర్టికల్ 18. మా ఊళ్ళో ఒకాయన "సెక్షన్ 17" అని పట్టుబట్టి కూర్చుంటే ఆఫీసులో ఎవరికీ అర్థం కాలేదు.

కొత్త_స్టూడెంట్ | గురువారం ఉదయం 8:30

అన్నా, నేను 2023 సెప్టెంబర్‌లో మాస్టర్స్‌కి వచ్చా, ఇప్పుడు గ్రాడ్యుయేట్ వీసా. భార్య, నాలుగేళ్ళ పాప ఉన్నారు. మాకు ఇల్లు ఉంది, పార్ట్‌టైంతో నెట్టుకొస్తున్నాం. బడిలో ఫ్రీ మీల్స్ అడిగితే పబ్లిక్ ఫండ్స్ కిందకి వస్తుందా? కౌన్సిల్ ట్యాక్స్ తగ్గించమని అప్లై చేయమని ఫ్రెండ్ అంటున్నాడు.

లాసెంటర్_వాలంటీర్ | గురువారం ఉదయం 9:00

ఫ్రీ మీల్స్ పబ్లిక్ ఫండ్ కాదు. ఇంగ్లండ్‌లో రిసెప్షన్ (బడిలో మొదటి ఏడాది), ఇయర్ 1, ఇయర్ 2 పిల్లలందరికీ ఎటూ ఉచితమే, వీసా అడగరు. లండన్‌లో 2023 నుంచి ప్రభుత్వ ప్రైమరీ బడుల్లో అందరికీ. పై తరగతులకి కూడా 2022 నుంచి ఎన్‌ఆర్‌పీఎఫ్ కుటుంబాలకి ఆదాయ పరిమితితో ఇస్తున్నారు, బడి ఆఫీసులో ఫారం అడగండి. మూడు, నాలుగేళ్ళ పిల్లలకి వారానికి 15 గంటల నర్సరీ కూడా అందరికీ ఉంది. 30 గంటల పథకం మాత్రం వేరు, దానికి తల్లిదండ్రుల్లో ఒకరికైనా పబ్లిక్ ఫండ్స్ హక్కు ఉండాలి.

కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్ మాత్రం తీసుకోకండి! అది జాబితాలో ఉంది. మీ ఫ్రెండ్ మంచి మనసుతో చెప్పి ఉంటాడు, కానీ అది మీ వీసా మీదికి వస్తుంది. ఒంటరిగా ఉండేవాళ్ళకి ఇచ్చే 25 శాతం డిస్కౌంటు, స్టూడెంట్ మినహాయింపు వేరు, అవి పబ్లిక్ ఫండ్స్ కావు. పేర్లు ఒకేలా వినిపిస్తాయి, ఫారం మీద పూర్తి పేరు చదివాకే సంతకం పెట్టండి.

దుబాసి | గురువారం ఉదయం 11:25

ఒక మాట పక్కదారి అనిపించినా చెప్తాను. ఇక్కడికి రాకముందు నేను పెద్దపల్లి వైపు టీచరుగా చేశాను. ఇటుక బట్టీలకి ఒడిశా నుంచి కుటుంబాలు వచ్చేవి. పిల్లలు వరండాలో నిలబడి చూసేవాళ్ళు. "మీ రేషన్ కార్డు ఎక్కడిది, మీ ఊరు ఏది" అని మేమూ అడిగేవాళ్ళం, పేరు రాసుకునే ముందు. ఆ ప్రశ్న అవతలివైపు నుంచి ఎలా వినిపిస్తుందో నాకు ఈ దేశంలో తెలిసింది.

పల్నాటి_పిల్ల | గురువారం సాయంత్రం 6:10

నిన్న సాయంత్రమే ఫోన్ చేసి, ఈమెయిల్ పెట్టాను. వాళ్ళు "మీకు ఎన్‌ఆర్‌పీఎఫ్ కదా" అన్నారు. కరీంనగర్ అన్నయ్య రాసినట్టే "మేం హౌసింగ్ అడగడం లేదండీ, పిల్లల కోసం సెక్షన్ 17 అసెస్‌మెంట్ అడుగుతున్నాం" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత గొంతు మారింది, పేర్లు, పుట్టిన తేదీలు రాసుకున్నారు. ఇవాళ పొద్దున బడిలో టీచరమ్మకి కూడా చెప్పాను. ఆవిడ నా చేయి పట్టుకుని కూర్చోబెట్టింది, అక్కడికక్కడే ఫారం పెట్టింది, ఫుడ్ బ్యాంకు వోచరు ఇచ్చింది.

షెల్టర్ వాళ్ళు చెప్పినట్టు మావారు కంపెనీకి మెసేజ్ పెట్టారు, కోర్టు ఆర్డరు చూపించమని. ఇంకా జవాబు లేదు. రేపు ఉదయం 11కి సోషల్ వర్కర్‌తో మీటింగ్. ఇంటర్‌ప్రెటర్ ఇస్తామన్నారు.

నాన్న తాకట్టు కాగితం పంపారు. ఎందుకమ్మా అని అడిగారు. బ్యాంకులో కావాలి అన్నాను.

కరీంనగర్_అన్న | గురువారం సాయంత్రం 6:30

శభాష్ చెల్లే. రేపు మీటింగ్‌ల సర్దుకుంటం అనొద్దు అని బావకు గట్టిగ చెప్పు. కావాల్నంటె చేతి మీద రాసుకొమ్మను.

పల్నాటి_పిల్ల | శుక్రవారం రాత్రి 9:55

రెండు గంటలు పట్టింది. సోషల్ వర్కర్ చిన్న వయసు అమ్మాయి, మంచిదే. స్టేట్‌మెంట్లు చూసింది, తాకట్టు కాగితం ఇంటర్‌ప్రెటర్ గారు చదివి వినిపించారు. "ఎవరైనా బంధువులున్నారా" అంటే మావారు "సొంతవాళ్ళు ఎవరూ లేరు, కజిన్ ఉన్నాడు, అతనిది కూడా షేరింగ్ రూమే" అన్నారు. "ఈ రాత్రి ఎక్కడుంటారు" అని అడిగింది. ఆయన నోరు తెరిచి, ఒక్క క్షణం ఆగి, "మాకు చోటు లేదు" అన్నారు. పెళ్ళయి తొమ్మిదేళ్ళు, ఆయన నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

కంపెనీ వాళ్ళు మధ్యాహ్నం మెసేజ్ పెట్టారు, ఇంకో రెండు వారాలు ఉండండి అని. ఆ మెసేజ్ సోషల్ వర్కర్‌కి పంపాను. ఆ రెండు వారాల్లో అసెస్‌మెంట్ అవుతుందని, ఈలోగా తిండికి కార్డు ఇస్తామని, ఇల్లు పోతే ముందే గది చూస్తామని ఈమెయిల్లో రాసింది. సోమవారం బాబుకి నర్సరీ సీటు గురించి కూడా మాట్లాడతానంది.

అనంత గారూ, గ్యారేజీ ఇప్పుడు వద్దు, రెండు వారాల తర్వాత అడుగుతాను, అప్పటికి కూడా ఖాళీగా ఉంటే. మావారికి బుధవారం ఇంటర్వ్యూ ఉంది, కొత్త స్పాన్సర్, బస్సులో గంటంపావు దూరం. లైసెన్స్ ఉన్నదో లేదో హోమ్ ఆఫీస్ జాబితాలో చూశాం, ఉంది. ఇంటర్వ్యూలో గంటల గురించి ఏం అడగాలో కేర్‌లో పనిచేసేవాళ్ళు ఎవరైనా చెప్తారా?